రాతి పలక... గాజు పలక!

పలకా బలపం పట్టకుండా బడి గడప తొక్కిన తెలుగు పిల్లలు ఒకప్పుడు లేరు. ఆ పలకలను దేశమంతటికీ పంపిన ఊరు మార్కాపురం. ఇప్పుడు ప్రపంచం మరో పలక వెంట పడుతోంది. కళ్లజోడులో ఒదిగిపోయే ఆ గాజు పలకలోంచి చూస్తే అక్షరాలు గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. రాతి పలకకూ గాజు పలకకూ పోలికేమిటి? పశ్చిమ ప్రకాశంలో ఓ రెండు రోజులు తిరిగి వస్తే ఆ పోలిక తెలుస్తుంది. తేడా కూడా తెలుస్తుంది. ఆలోచించాల్సింది ఆ తేడా గురించే.

గుంటూరులో నంద్యాల వైపు వెళ్లే రైలెక్కితే నరసరావుపేట, వినుకొండ దాటేదాకా పచ్చదనం కంటికి ఆనుతూనే ఉంటుంది. దొనకొండ, గజ్జెలకొండ వచ్చేసరికి నేల రంగు మారుతుంది. ఎర్రమట్టి, కంపచెట్లు, దూరంగా నీలంగా నల్లమల కొండల వరస. తర్వాత వచ్చేది మార్కాపురం రోడ్డు స్టేషను. ఊరు అక్కడికి కొంత దూరం. ఆటో ఎక్కాల్సిందే.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970కి ముందు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి పేరు పెట్టారు. కానీ ఆ జిల్లా కేంద్రం సముద్రం వైపు, ఈ ఊళ్లేమో అడవి అంచున. వర్షం తక్కువ, బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. పనులు వెతుక్కుంటూ వలస వెళ్లేవాళ్లూ ఎక్కువే. మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా కావాలని ఏళ్లతరబడి అడిగారు. 2025 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం అందుకు నిర్ణయం తీసుకుంది.

ఊళ్లో చూడాల్సిన మొదటి చోటు లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయం. విజయనగర రాజుల ఆదరణ పొందిన గుడి. ఆ మండపంలోని స్తంభాల మీద చెక్కడాలు చూస్తే రాతి పని ఈ ప్రాంతానికి కొత్త కాదని అర్థమవుతుంది. అయితే మార్కాపురానికి దేశమంతటా పేరు తెచ్చింది స్తంభాల రాయి కాదు. పొరలు పొరలుగా విడిపోయే పలకరాయి.

పొరల్లో దాగిన పలక

మార్కాపురం, తర్లుపాడు చుట్టుపక్కల నేల కింద ఉన్నది ఒకనాటి బురద. వందకోట్ల ఏళ్లకు పూర్వం ఇక్కడున్న నీళ్ల అడుగున సన్నటి ఒండ్రు పొరలుగా పేరుకుంది. ఆపైన భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ ఆ బురద గట్టిపడింది. పక్కల నుంచి నలిగినప్పుడు అందులోని అభ్రకం లాంటి సన్నటి రేకులన్నీ ఒకే దిక్కుకు తిరిగి సర్దుకున్నాయి. పేక ముక్కలు పేర్చినట్టన్న మాట. అందుకే ఈ రాయిని అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. పొర వెంట తడితే అప్పడంలా విడిపోతుంది.

ఈ సంగతి పుస్తకాలకెక్కి చాలా కాలమైంది. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతి పొరల మీద ప్రచురించిన గ్రంథంలో వీటికి 'కంభం పలకరాళ్లు' అని పేరు పెట్టాడు. మన కంభం పేరు అలా ప్రపంచ భూగర్భ శాస్త్రంలో స్థిరపడిపోయింది.

గని నుంచి దిమ్మె పైకి వచ్చాక అసలు పని మొదలవుతుంది. రాయి మరీ ఎండిపోతే పెళుసుబారుతుంది. తేమ మీద ఉండగానే చీల్చాలి. పొర అంచు చూసి ఉలి ఆనించి సుత్తితో చిన్న దెబ్బ వేస్తే సన్నటి గీత పడుతుంది. ఆ గీత వెంట ఉలిని జరుపుతూ పోతే దిమ్మె రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. అలా మందం తగ్గించుకుంటూ పలక పలచనయ్యేదాకా వస్తారు. దెబ్బ కాస్త బలంగా పడితే పలక రెండు చెక్కలు. మెత్తగా పడితే పొర కదలదు. ఆ ఒడుపు చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది.

తర్వాత కొలత ప్రకారం కోయడం, రెండు ముఖాలూ నున్నగా అరగదీయడం, చెక్క చట్రం బిగించి మూలలకు రేకు కొట్టడం. కొన్ని పలకలకు ఒకవైపు గీతలు గీస్తారు, రెండోవైపు ఖాళీగా వదిలేస్తారు. వంకర టింకర అక్షరాలు తిన్నగా నడవాలంటే గీత ఆసరా ఉండాలి మరి!

ఆ పలక ఇంటికొచ్చాక జరిగేదంతా పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్షరాభ్యాసం నాడు పసుపు బొట్లు, తాతయ్య చెయ్యి పట్టి దిద్దించిన మొదటి అక్షరం, తడిగుడ్డ దొరక్క చొక్కా అంచుతో తుడవడం, పలక నల్లగా నిగనిగలాడాలని బొగ్గూ దొండాకూ కలిపి రుద్దడం, ఎవరూ చూడకుండా బలపం కొరికి తినడం... మార్కాపురం పలక ఇల్లిల్లూ తిరిగింది.

పలక పోలేదు, మారింది

నోటు పుస్తకం చవకైంది. ప్లాస్టిక్ పలకలు, అట్ట పలకలు, రేకు పలకలు వచ్చాయి. కిందపడితే పగలవు, బరువుండవు. రాతి పలక బడి సంచిలోంచి తప్పుకుంది. ఆ తర్వాత ఫోనూ ట్యాబూ వచ్చి పిల్లల చేతుల్లోకి గాజు పలకలు చేరాయి. ఇప్పుడు మరో అడుగు పడింది. ఆ గాజు పలక చేతిలో కాక కళ్ల ముందు ఉంటుంది.

ఆగ్మెంటెడ్ రియాలిటీ హెడ్‌సెట్ అని పిలిచే ఈ కళ్లజోడు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న గదీ మనుషులూ మామూలుగానే కనిపిస్తారు. వాటి మీద అదనంగా బొమ్మలూ అక్షరాలూ తేలుతుంటాయి. యంత్రం బాగుచేసే మెకానిక్కుకు ఏ బోల్టు విప్పాలో ఆ బోల్టు పక్కనే బాణం గుర్తు కనిపించవచ్చు. ఆపరేషను చేసే డాక్టరుకు స్కానింగు చిత్రం రోగి పక్కనే కనిపించవచ్చు. తెలుగువాడైన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2015 జనవరిలో 'హోలోలెన్స్' పేరుతో ఇలాంటి హెడ్‌సెట్‌ను ప్రకటించి, మరుసటి ఏడాది సాఫ్ట్‌వేర్ తయారీదారుల చేతికిచ్చింది. రెండో తరం 2019లో వచ్చింది. 2024లో దాని ఉత్పత్తి ఆపేశారు. అయినా పోటీ ఆగలేదు. అనేక సంస్థలు అంతకంటే తేలికైన, మామూలు కళ్లజోడులాంటి వాటి కోసం పరుగు పెడుతున్నాయి.

వాటిలో చాలావాటికి గుండెకాయ ఓ గాజు పలక. మందం ఒక మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. దాన్ని వేవ్‌గైడ్ అంటారు. వెలుగుకు దారి చూపే పలక అనుకోవచ్చు. దాని మీద కంటికి కనిపించనంత సన్నటి గీతలుంటాయి. వాటి పేరు గ్రేటింగ్. ఈ గాజు పలకలు మార్కాపురంలో తయారు కావు. కానీ అవెలా పనిచేస్తాయో చెప్పడానికి కావలసినవన్నీ ఇక్కడి దారిలోనే ఉన్నాయి. అందుకోసం ముందు కంభం వెళ్లాలి.

కంభం చెరువు చెప్పే పాఠం

మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్లే దారిలోనే కంభం. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కొండల మధ్య నుంచి వచ్చే చోట అడ్డంగా కట్ట వేసి కట్టిన చెరువు ఇది. మనుషులు తవ్వి కట్టిన పాత చెరువుల్లో ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. వానలు బాగా పడిన ఏడాది కట్ట మీద నిలబడితే కొండల దాకా నీళ్లే.

పైనుంచి చూసేవాళ్లకు ఈ చెరువు నీలాకాశాన్ని చూపిస్తుంది. మరి లోపలున్న చేపకు? తలెత్తి నిట్టనిలువుగా చూస్తే దానికీ ఆకాశం కనిపిస్తుంది. కానీ చూపు పక్కకు వాలేకొద్దీ ఓ హద్దు వస్తుంది. నీటికి ఆ హద్దు నిట్టనిలువు నుంచి సుమారు 49 డిగ్రీలు. అది దాటితే నీటి పైతలం అద్దంలా మారిపోతుంది. బయటిది కనిపించదు, చెరువు అడుగే తలకిందులుగా కనిపిస్తుంది. అంటే లోపలి వెలుగు ఏటవాలుగా వచ్చి పైతలాన్ని తాకితే బయటికి పోలేక వెనక్కి తిరుగుతుంది. పదో తరగతి పుస్తకంలో సంపూర్ణాంతర పరావర్తనం అని కష్టంగా చదువుకున్నది ఇదే.

గాజులోనూ ఇంతే. మామూలు గాజుకు ఆ హద్దు 42 డిగ్రీల దగ్గర ఉంటుంది. హెడ్‌సెట్ల కోసం ప్రత్యేకంగా పోతపోసే గాజుకు ఇంకా తక్కువ. హద్దు ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుగు లోపల బందీ అవుతుంది. బొమ్మ అంత వెడల్పుగా కనిపిస్తుంది. కళ్లజోడు కొమ్మ దగ్గర చిన్న ప్రొజెక్టరు పెట్టి వెలుగును గాజులోకి ఏటవాలుగా పంపితే, అది పై ముఖానికీ కింది ముఖానికీ తగులుతూ, కాలువలో నీళ్లలా పలక పొడుగునా పారుతుంది.

ఇక్కడే పలక నునుపు కీలకమవుతుంది. వెలుగు గాజులో ఎన్నోసార్లు అటూ ఇటూ తగులుతుంది. రెండు ముఖాలూ ఏమాత్రం సమాంతరంగా లేకపోయినా ప్రతి తాకుడుకూ తప్పు పెరుగుతూ పోతుంది. చివరికి అక్షరం రెండుగా కనిపిస్తుంది, లేదా అలుక్కుపోతుంది. అందుకే గాజు మందంలో ఆ చివరికీ ఈ చివరికీ తేడా ఒక మైక్రాను కూడా ఉండకూడదంటారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాను. మార్కాపురంలో పలక మీద అరచెయ్యి ఆడించి ఎగుడుదిగుళ్లు కనిపెట్టే పనివాళ్లకు ఈ మాట వింత అనిపించదు. కొలత మారింది, పని అదే.

నెమలి ఈకలో గీతలు

వెలుగు పలకలోకి వెళ్లింది, పారింది. మరి సరిగ్గా కంటి ముందుకు రాగానే బయటికి రావాలి కదా! లోపలే ఉండమని గాజు పట్టు. ఆ పట్టు విడిపించేవే గీతలు. వాటి సంగతి తెలియాలంటే ఇంకాస్త ముందుకెళ్లి గిద్దలూరు చేరాలి.

గిద్దలూరు దాటితే నల్లమల మొదలు. దిగువమెట్ట దగ్గర రైలు అడవిలోకి దూరుతుంది. బొగద సొరంగం గుండా ఆవలి పక్క నంద్యాల వైపు దిగుతుంది. బ్రిటిష్ కాలంలో వేసిన ఈ ఘాటు రైలు మార్గం అందం చూడటానికే కిటికీ పక్క సీటు కోసం పోటీ పడేవాళ్లున్నారు. అదే అడవిలో జలపాతం పక్కన నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి ఉంది. పేరులోనే నెమలి ఉన్న చోటు. స్థలపురాణంలోనూ నెమలి ఉంది.

నెమలి పింఛంలో నీలం, ఆకుపచ్చ మెరుస్తాయి కదా. ఆ ఈకను నూరితే నీలం రంగు పొడి రాదు. గోధుమ రంగు పొడి వస్తుంది. ఎందుకంటే ఆ నీలం రంగు పదార్థంలో లేదు, అమరికలో ఉంది. చైనాలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2003లో ఈ గుట్టు విప్పారు. ఈక పోగుల్లో సన్నటి కడ్డీలు జల్లెడలా వరసగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య దూరం వెలుగు అలల పొడవుకంటే తక్కువ. ఆ దూరం మారితే పైకొచ్చే రంగు మారుతుంది. పాత సీడీని ఎండలో తిప్పితే ఇంద్రధనుస్సు కనిపించడానికి కారణమూ ఇలాంటిదే. అందులోనూ వరసలు వరసలుగా గీతలుంటాయి.

గీతలతో వెలుగును ఇలా మళ్లించవచ్చని మనిషికి తెలిసి రెండు వందల ఏళ్లు దాటింది. అమెరికాలో రిటెన్‌హౌస్ 1785లో వెంట్రుకలను వరసగా బిగించి చూశాడు. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ 1820ల్లో గాజు మీద వజ్రపు మొనతో గీతలు గీశాడు. ఆ శతాబ్ది చివర్లో అమెరికాలో హెన్రీ రోలండ్ గీతలు గీయడానికే ఓ యంత్రం తయారు చేశాడు.

హెడ్‌సెట్ పలక మీద ఉన్నవి ఆ గీతల మునిమనవలు. రెండు గీతల మధ్య దూరం దాదాపు 400 నానోమీటర్లు. అంటే ఒక తల వెంట్రుక మందంలో సుమారు 200 గీతలు! పలక ఓ మూల ఉన్న గీతలు ప్రొజెక్టరు వెలుగును లోపలికి వంచుతాయి. మధ్యలో ఉన్నవి దాన్ని వెడల్పుగా పరుస్తాయి. కంటి ఎదురుగా ఉన్నవి కొద్దికొద్దిగా బయటికి వదులుతాయి. కాలువకు తూములు పెట్టి ఒక్కో మడికీ నీళ్లు వదిలినట్టు. మొదటి తూములోనే అంతా వదిలేస్తే చివరి మడి ఎండుతుంది. అందుకే మొదట్లో గీతలు తక్కువ వెలుగును, చివర్లో ఎక్కువ వెలుగును వదిలేలా లోతూ వాలూ మార్చుకుంటూ పోతారు. ఇంత చేసినా ప్రొజెక్టరు వెలుగులో కంటికి చేరేది చాలా కొద్ది భాగమే. పైగా ఎరుపు ఒకలా వంగుతుంది, నీలం మరోలా వంగుతుంది. అందుకని రంగుకొక పలక చొప్పున పేర్చిన నమూనాలూ వచ్చాయి. 2000ల్లో ఫిన్లాండులోని నోకియా పరిశోధనశాలలో టపాని లెవోలా వంటి వారు చేసిన కృషి ఈ పలకలకు పునాది వేసింది.

అచ్చు గుద్దే పని

ఇన్ని గీతలు ఒక్కొక్కటిగా గీస్తూ కూర్చుంటే ఒక్క కళ్లజోడుకే బోలెడు సమయం పడుతుంది. కాబట్టి గీయరు, అచ్చు గుద్దుతారు. ముందు ఒకే ఒక్క మూల అచ్చు తయారు చేస్తారు. సిలికాన్ బిళ్ల మీద ఎలక్ట్రాన్ల పుంజంతో నమూనా గీసి, ఆ గీతలను రసాయన వాయువులతో లోతుగా తొలుస్తారు. ఇది ఖరీదైన పని, నెమ్మదైన పని. అందుకే ఆ మూల అచ్చును బీరువాలో బంగారంలా దాచుకుంటారు. దాని నుంచి మెత్తటి పాలిమరుతో పని అచ్చులు తీస్తారు.

తర్వాత పళ్లెమంత గుండ్రటి గాజు బిళ్ల మీద జిగురులాంటి ద్రవం పలచగా పూస్తారు. పని అచ్చును దాని మీద నొక్కుతారు. అచ్చులోని సందుల్లోకి ద్రవం చేరుతుంది. అతినీలలోహిత కాంతి పడగానే గట్టిపడుతుంది. అప్పుడు అచ్చును జాగ్రత్తగా ఒలుస్తారు. మైనం మీద ముద్ర వేసినట్టు గీతలు గాజు మీద నిలుస్తాయి. గీతలు ఏటవాలుగా ఉంటే ఒలవడం మరీ కష్టం. లాగే దిక్కు తప్పితే గీతలు విరుగుతాయి. ఆ తర్వాత పైపూత వేసి, ఒక్కో బిళ్ల నుంచి కొన్ని కళ్లజోడు పలకలు లేజరుతో కోస్తారు. వెలుగు పక్కలకు చిమ్మకుండా అంచులకు నలుపు పూస్తారు. పొర ఒలవడం, కొలతకు కోయడం, అంచులు సరిచేయడం... మార్కాపురం పలక నడిచిన దారే ఇది.

ఈ పనికంతటికీ ఒకే ఒక్క శత్రువు దుమ్ము. అచ్చు కింద ఒక్క నలక పడితే చాలు, దాని చుట్టూ గీతలు పడవు. పైగా ఆ నలక అచ్చును కూడా గాయపరుస్తుంది. ఆ తర్వాత గుద్దే ప్రతి పలక మీదా అదే మచ్చ. అందుకే ఇదంతా శుభ్రమైన గదుల్లో జరుగుతుంది. వాటికి అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. ఐదో తరగతి గది అంటే ఘనపు మీటరు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన సైజు నలకలు 3,520కి మించకూడదు. మామూలు గది గాలిలో అవి లక్షల్లో ఉంటాయి. లోపలికి వెళ్లేవాళ్లు తల నుంచి పాదం దాకా తెల్లటి తొడుగు వేసుకోవాలి. అది మనిషిని కాపాడటానికి కాదు. మనిషి ఒంటి మీది దుమ్ము నుంచి పలకను కాపాడటానికి!

ఇక్కడి దుమ్ము ఎక్కడికి పోయింది?

మార్కాపురం పలక దగ్గర జరిగింది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. ఇక్కడ దుమ్ము పలక నుంచే పుట్టింది, మనిషి మీద పడింది.

పలకరాయిలో సిలికా ఉంటుంది. రాయిని పొడిగా కోసినా, అరగదీసినా లేచే తెల్లటి పొగలో కంటికి కనిపించేది కొంతే. నాలుగైదు మైక్రాన్లకు మించని నలకలు ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు. నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చలు కడతాయి. ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. దాని పేరు సిలికోసిస్. నయం చేసే మందు లేదు. క్షయ త్వరగా అంటుకుంటుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కార్మికులను జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి 1985లో ఫలితాలు ప్రచురించారు. పరీక్షించినవారిలో సగానికి పైగా మందికి ఈ జబ్బు ఉందని తేలింది.

ఇంకో చేదు నిజం ఉంది. పలక మీద అక్షరాలు దిద్దాల్సిన వయసులో పిల్లలు ఆ పలకలు తయారు చేశారు. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం ప్రకటించిన జాతీయ విధానం, పిల్లలతో పని చేయిస్తున్న పరిశ్రమలు ఎక్కడెక్కడున్నాయో పేర్లు పెట్టి చెప్పింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, మొరాదాబాద్ ఇత్తడి సామాన్లు... ఆ వరసలో మార్కాపురం పలకలు కూడా ఉన్నాయి. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు శివకాశి కేసులో ఇచ్చిన తీర్పులోనూ మార్కాపురం పేరు వచ్చింది. చట్టం నిషేధించిన పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకు యజమాని 20,000 రూపాయల చొప్పున సంక్షేమ నిధికి కట్టాలనీ, ఆ పిల్లలను బడిలో వేయాలనీ కోర్టు ఆదేశించింది. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. 2016 సవరణతో కొన్ని మినహాయింపులు తప్ప పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదన్నారు.

తాతయ్య చెయ్యి పట్టి దిద్దించిన ఆ నల్లటి పలక వెనక మరో బిడ్డ చెయ్యి ఉండి ఉండొచ్చన్నది ఎవరికైనా గుండె కలుక్కుమనే విషయమే.

రంగురాళ్ల కొత్త దారి

రాతి పలకలకు గిరాకీ తగ్గినా పలకరాయికి తగ్గలేదు. ఇళ్ల గోడలకూ, నేలకూ, తోట బాటలకూ ఇదే రాయిని బిళ్లలుగా కోసి వాడుతున్నారు. నలుపు, బూడిద, ఆకుపచ్చ, తుప్పు రంగు చారలు కలిసిన బిళ్లలు మార్కాపురం నుంచి విదేశాలకు వెళ్తున్నాయి. ఒకప్పుడు బడి పిల్లల ఒళ్లో కూర్చున్న రాయి ఇప్పుడు పరదేశాల ఇళ్ల గోడలెక్కింది. గనుల పక్కన మాత్రం పనికిరాని ముక్కలు గుట్టలుగా పెరుగుతుంటాయి.

ఇలాంటి గుట్టలే బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లోనూ ఉన్నాయి. ఒకప్పుడు ప్రపంచంలో ఎన్నో ఇళ్ల పైకప్పులకు పలకరాయి అక్కడి నుంచే వెళ్లింది. అక్కడి గని కార్మికులూ దుమ్ము మింగారు. ఊపిరి పోయిన వాళ్ల కుటుంబాలు ఏళ్లతరబడి పోరాడాక 1979లో నష్టపరిహారం చట్టం వచ్చింది. 2021లో యునెస్కో ఆ పలకరాతి గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే అక్కడ రాయిని గుర్తుపెట్టుకున్నారు, ఆ రాయి కోసిన మనిషినీ గుర్తుపెట్టుకున్నారు. మన దేశంలోనూ సిలికోసిస్ కనిపిస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బే. బాధితుల కోసం రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానమే ప్రకటించింది. కోసేటప్పుడు నీళ్లు ధారగా పోయడం, దుమ్మును పుట్టినచోటే పీల్చేసే గొట్టాలు పెట్టడం, సరైన మాస్కులు ఇవ్వడం, ఏటా ఛాతీ ఎక్సరే తీయించడం... ఇవేవీ వెలుగును గాజులో బంధించడమంత కష్టం కావు.

నీళ్ల కోసం వెలిగొండ సొరంగాల వైపు ఎదురుచూసే నేల ఇది. కొత్త జిల్లాతో పాటు పరిశ్రమలూ రావాలని ఇక్కడివాళ్లు కోరుకుంటారు. రాతిని పొరలుగా ఒలిచే ఒడుపు, పలక నునుపును వేలికొనతో పసిగట్టే నేర్పు ఉన్న ఊరు ఇది. అలాంటి చేతులకు మంచి పని, ఆ చేతుల వెనకున్న ఊపిరికి రక్షణ రెండూ కావాలి. గాజు పలకను దుమ్ము నుంచి కాపాడటానికి కోట్లు ఖర్చుపెట్టి గదులు కట్టే కాలంలో, పలక కోసే మనిషికి మంచి గాలి ఇవ్వమనడం పెద్ద కోరికేమీ కాదు.

మార్కాపురం వెళ్లాలనుకునేవారికి గుంటూరు, నంద్యాలల నుంచి రైళ్లున్నాయి. ఒంగోలు నుంచి బస్సులో వెళ్లొచ్చు. వానాకాలం దాటాక వెళ్తే కంభం చెరువు నిండుగా, నల్లమల పచ్చగా ఉంటాయి. నెమలిగుండ్ల అడవిలో ఉంది కాబట్టి గిద్దలూరులో వివరాలు కనుక్కుని పగటిపూట వెళ్లిరావడం మంచిది. తిరిగొచ్చేటప్పుడు మార్కాపురంలో ఓ రాతి పలక దొరికితే తెచ్చుకోండి. ట్యాబు మీద వేలు ఆడించే పిల్లల చేతికిచ్చి, దీన్ని ఎవరు చేశారో కూడా చెప్పండి.